మూడో ఉత్తరానికి జవాబు

సభాధ్యక్షులు, మా చేత ఎక్కాలు కంఠతా పట్టించిన లెక్కల మాస్టారికి, వేదిక మీది పెద్దలకు, ఈ హాల్లో కూర్చున్న నా తరగతి స్నేహితులకు, వారి కుటుంబాలకు నమస్కారం. నిన్న మధ్యాహ్నం వరకు ఈ సభ కార్యక్రమ పత్రంలో నా పేరుకు ఎదురుగా ‘రెండు నిమిషాల మౌనం’ అని ఉంది. ఇవాళ దాన్ని కొట్టేసి ‘పదవీ విరమణ సన్మానం, పది నిమిషాల ప్రసంగం’ అని దిద్దారు. ఉద్యోగంలో కూడా నాకింత త్వరగా పదోన్నతి రాలేదు. (నవ్వులు)

నవ్వండి, పరవాలేదు.

ముప్పై తొమ్మిదేళ్ళు ఆసుపత్రి ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, డాక్టర్లు పంపిన కండ ముక్కల్లో జబ్బు ఉందో లేదో చూసి, రాసి, కింద సంతకం పెట్టడం నా పని. పోయిన నెల దిగిపోయాను. బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున ఈ పూర్వ విద్యార్థుల సంఘం నుంచి వచ్చిన మూడు ఉత్తరాలు కనిపించాయి. ఇక రాయడం కాదు, వెళ్ళాల్సిందే అనుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, నిన్న మన పాత బడి మెట్లెక్కి, ఇదే హాలు తలుపు తోశాను. లోపల మన కార్యదర్శి, అంటే బడిలో మనం రూళ్ళకర్ర అని పేరు పెట్టినవాడు, కుర్చీలు వరసగా వేస్తున్నాడు. నన్ను చూసి చేతిలోని కుర్చీ వదిలేశాడు. అది కాలి మీద పడినా అబ్బా అనలేదు.

‘‘ఒరేయ్, నువ్వు పోయావు కదరా!’’ అన్నాడు.

నలభై ఐదేళ్ళ తర్వాత కలిసిన స్నేహితుడి నోట మొదటి మాట అది. ‘‘ఎక్కడికి పోయాను?’’ అన్నాను. వాడు గోడ చూపించాడు. ‘మనల్ని విడిచి వెళ్ళినవారు’ అన్న అక్షరాల కింద పదకొండు ఫొటోలు. ఆరోది నాది. పదో తరగతి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. పక్కవాడి చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. టైలరు గారూ, అది మీ చెయ్యే. మూడేళ్ళుగా మీరు కూడా లేచి నిలబడి, మీ చేతికి మీరే మౌనం పాటించారు. (నవ్వులు)

‘‘ఎవడు చెప్పాడ్రా నేను పోయానని?’’

‘‘ఒకరు చెప్పడమేంటి? మన సంఘం తొమ్మిదో నిబంధన. మూడు ఉత్తరాలకు జవాబు రాకపోతే పోయినట్టే లెక్క. బతికున్నవాడెవడైనా మూడింటికీ ఉలకకుండా పలకకుండా ఉంటాడట్రా?’’

సమాధానం లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది కదా, నాకూ వచ్చింది. ‘‘మా దగ్గర నమూనా చాలకపోతే మళ్ళీ పంపండని రాస్తాంరా, ఊహించి సంతకం పెట్టం’’ అన్నాను. అంటూనే నా పక్కనున్న ఏడో ఫొటో మీద వేలు పెట్టాను. ‘‘గిలకను కూడా ఇలాగే చంపేశారా? ఆ ఉత్తరాలు రాసిందే అది. ముందు దాన్ని దింపు!’’ అన్నాను. నవ్వుతూనే అన్నాను.

రూళ్ళకర్ర నవ్వలేదు. ‘‘అది పొరపాటు కాదురా’’ అన్నాడు.



క్షమించండి. చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు, నూతి గిలకలాగా నోరు ఆగేది కాదని ఆమెకు ఆ పేరు పెట్టింది నేనే. ఆమె పోయి మూడేళ్ళయింది. వేలు ఇంకా ఆ అద్దం మీదే ఉండగా రూళ్ళకర్ర మిగతాది చెప్పాడు. నిబంధన ప్రకారం నా గడువు పదకొండేళ్ళ కిందటే ముగిసిందట. ఏటా వీడు నా ఫొటో పెడదామనేవాడట, ఏటా ఆమె లేచి, ‘‘జవాబు రాకపోతే బద్ధకం అంటారు గాని చావు అంటారా? పరీక్షలో కూడా ఆఖరి గంట కొట్టేదాకా వాడి రాత తెమిలేది కాదు. ఆగండి’’ అనేదట. అలా ఎనిమిదేళ్ళు నన్ను బతికించింది. ఆమె పోయిన ఏడు అడ్డుపడేవారు లేక, ఒకే రోజు రెండు మేకులు కొట్టి, ఇద్దరినీ పక్కపక్కన పెట్టారు.

మూడో ఉత్తరం నా జేబులో ఉంది. ‘ఓ మేధావీ, పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. బతికుంటే ఈ కాగితం మీద ఒక్క గీత గీసి పంపు. మిగతాది నేను చదువుకుంటాను.’ బద్ధకించానని ఆమె అనుకుంది. కాదు. దానికి నాలుగు జవాబులు మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత పొడిగా రాయకూడదు, మంచి ఉత్తరం రాయాలి అనుకుని నాలుగూ చించేశాను. ఆమె అడిగింది ఒక గీత.

ఈ ఉదయం వాళ్ళమ్మాయి, అదిగో రెండో వరసలో ఉంది, నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. ‘‘మావయ్యా, స్టాంపు అంటించిన కవరు కూడా అమ్మ లోపల పెట్టిందా?’’

పెట్టిందమ్మా. ఇదిగో. పైన మీ ఇంటి చిరునామా ఆమె చేత్తోనే రాసి ఉంది. ఇందాక మాస్టారి పెన్ను అడిగి గీత గీశాను. మాస్టారు చూసి ‘‘వంకరగా ఉందిరా’’ అన్నారు. ఉండనివ్వండి మాస్టారూ. (నవ్వులు)

అమ్మాయీ, రెండడుగులు వేసి దీన్ని నీ చేతికే ఇవ్వచ్చు. కానీ ఆమె పంపమంది, కాబట్టి పోస్టు డబ్బాలోనే వేస్తాను.

ఇక ఒక్క మనవి. గిలక పోయాక తొమ్మిదో నిబంధన కింద మరో నలుగురు ఆ గోడెక్కారు. వాళ్ళలో ఎవరు పోయారో, ఎవరు నాలాగా మంచి ఉత్తరం కోసం ఆలోచిస్తున్నారో ఎవరికీ తెలియదు. నలుగురి పాత చిరునామాలూ రూళ్ళకర్ర దగ్గర తీసుకున్నాను. రేపు ఉదయం మొదటి బస్సుకు బయల్దేరి, ఒక్కొక్క తలుపూ తడతాను. తెరిచినవారి చేత ఒక్కొక్క గీత గీయించుకుని వస్తాను. నేను తిరిగొచ్చేదాకా ఆ గోడ మీద కొత్త మేకు కొట్టకండి. నా ఫొటో దింపిన చోట మేకు మాత్రం పీకకండి, ఆమె పక్క చోటు నాకే ఉంచండి, తొందరేమీ లేదు.

మీ సన్మానానికి, అంతకంటే మీ మూడేళ్ళ మౌనానికి, మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. పోస్టు డబ్బా తెరిచే వేళయింది. సెలవు.