పద్దెనిమిది పొట్లాలు

మోంటానా కొండల కింద రస్సెల్ ఇంటి గ్యారేజీ. ఎల్క్ దుప్పుల వేటకి కొండెక్కి ఆరు రోజులుండాలి, ఏం తీసుకెళ్లినా వీపు మీదే మోయాలి. నేల మీద పట్టా పరిచి సామానంతా పోసి, అక్క లోర్నా ఒక్కొక్కటీ తూస్తోంది. తమ్ముడు రస్సెల్ ఒక్కొక్కటీ తీసేస్తున్నాడు, అదీ ఎక్కువగా ఆవిడ సంచిలోంచే.

“అదీ వద్దక్కా. తీసెయ్.”

“టవలురా అది. అరచెయ్యంత ఉంది.”

“రెండు ఔన్సులు. చొక్కాకి తుడుచుకో.”

“నీ టూత్‌బ్రష్ చూశా. పిడి కోసి పారేశావు. ఆ ముక్కతో తోముకుంటుంటే వేళ్లు కూడా నోట్లోకి పోతాయి.”

“అర ఔన్సు తగ్గింది. నవ్వుకో, నవ్వుకో. పదకొండు మైళ్లు ఎక్కాక నువ్వే అంటావు, తమ్ముడు మంచే చెప్పాడని.”

“సరే. ఇదిగో నా కత్తి.”

“నా దగ్గరుంది.”

“బైనాక్యులర్స్?”

“నాది చాలు ఇద్దరికీ.”

“నాన్న తుపాకీ తూస్తున్నా. తొమ్మిది పౌన్లు. ఇది మాత్రం నువ్వేమన్నా తియ్యను.”

“నేనదే చెబుదామనుకుంటున్నా. తొమ్మిది పౌన్లంటే మాటలా? నా తుపాకీ ఆరే. ఒక్కటి చాలదా?”

“చెరో దుప్పికీ వేట పర్మిట్ ఉంటే ఒక్క తుపాకీ ఏంట్రా?”

“ముందు నేను కొడతా, తర్వాత నీకిస్తా. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు.”

“ఎవరు చేస్తున్నారు?”

“చేస్తున్నార్లే అక్కా. ఎవరో ఒకరు.”

“పోయేముందు నాన్న దీన్ని నా చేతిలో పెట్టి ఏమన్నాడో నీకు గుర్తుందా? పై లోయలో, ఇద్దరూ కలిసి, అన్నాడు. ఆ మాట కోసమే నేనొస్తున్నా. లేకపోతే దుప్పి మాంసం కొట్లో దొరకదా నాకు?”

“దాని సంగతి తర్వాత చూద్దాం. మాంసం సంచులు ఎన్ని పెట్టావు?”

“ఎనిమిది.”

“అవి తియ్యకు.”

“ఓహో. కత్తి వద్దు, తుపాకీ వద్దు. మాంసం సంచులు మాత్రం కావాలి.”

“ఒక్కో దుప్పికి నాలుగైదు మోతలవుతాయి కదా. నీ సంచి ఖాళీగా ఉంటే మంచిదేగా.”

“ఎవరికి మంచిదో. ఆ భోజనం పొట్లాలు ఇలా ఇయ్యి, తూస్తా.”

“అవి తూసేశాలే.”

“ఇయ్యరా... ఇవేంటి, ఇన్నున్నాయి? రాత్రి భోజనానికి మనిషికొక పొట్లం. ఇద్దరం, ఆరు రోజులు. పన్నెండు. ఇక్కడ పద్దెనిమిదున్నాయి.”

“మంచు పడి ఇరుక్కుంటే పనికొస్తాయని.”

“అర ఔన్సు కోసం టూత్‌బ్రష్ కోసినవాడు ఆరు పొట్లాలు ఊరికే మోస్తాడా?”

“చెప్పా కదా, మంచు—”

“మూడో మనిషి ఎవరు?”

“మూడో మనిషేంటి...”

“ముగ్గురు, ఆరు రోజులు. పద్దెనిమిది. ఎవరు, రస్సెల్?”

“కర్ట్. వస్తానన్నాడు. వస్తే తప్పేముంది? ఇంకో రెండు చేతులు.”

“నీ బావమరిదిని నాన్న లోయకి తీసుకొస్తున్నావా? నాన్న ఆ చోటు ఉందన్న సంగతే మనిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.”

“పరాయివాడేం కాదుగా.”

“వాడికి పర్మిట్ ఉందా?”

“ఉంది.”

“మరి నాది ఏది?”

“అక్కా, కాసేపు కూర్చో.”

“నిలబడే ఉంటా. జూన్‌లో ఫోన్ చేసి, ఇద్దరికీ లాటరీలో పర్మిట్ వచ్చిందన్నావు. చూపించరా అంటే నా దగ్గర భద్రంగా ఉందన్నావు. ఇప్పుడు చూపించు.”

“లేదు.”

“ఏం లేదు?”

“నీది లేదు. నాకూ కర్ట్‌కీ వచ్చింది.”

“నువ్వూ నేనూ ఒకే అర్జీలో కదా పెట్టింది?”

“పెడదామనే కూర్చున్నా. పాయింట్లు ఎక్కువుంటేనే లాటరీలో పేరొచ్చేది. కలిపి పెడితే ఇద్దరివీ కూడి సగం చేస్తారు, నీకు తెలుసు. ఏటా అర్జీ పెట్టా కాబట్టి నాకు పద్నాలుగు. కర్ట్‌కి పదిహేను. నీకు ఎనిమిది. నీతో కలిస్తే నేను పదకొండుకి పడిపోతా, ఇద్దరికీ రాకుండా పోతుంది. ఆరేళ్లు నువ్వు అర్జీయే పెట్టలేదు, నేనేం చెయ్యను?”

“ఆ ఆరేళ్లు నేనేం చేస్తున్నాను?”

“అక్కా—”

“చెప్పు. నీ నోటితో చెప్పు.”

“నాన్నని చూసుకున్నావు.”

“తినిపించాను. ఎత్తి కూర్చోబెట్టాను. పక్క మార్చాను. అర్జీ గడువు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా తెలీదు నాకు. అది నీకు పాయింట్లు తక్కువవడంలా కనిపించింది.”

“చెబుదామనే అనుకున్నా. పైకెళ్లాక.”

“పైకెళ్లాక. అంటే నేను దారి చూపించాక. వేసవంతా ఇసక మూట వీపున కట్టుకుని కొండలెక్కానురా, పిచ్చిదానిలా. మీ ఇద్దరి దుప్పుల్నీ కిందకి మొయ్యడానికన్నమాట. వేరేవాళ్లు చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేసినందుకు కడుపు రగిలిపోతోంది.”

“సరే, తుపాకీ పెట్టుకో. నా పర్మిట్ మీద నువ్వే కొట్టు. అక్కడ ఎవడు చూడొచ్చాడు?”

“నాన్న తుపాకీతో దొంగవేట చెయ్యమంటున్నావు.”

“అది కాదు. నేననేది... ఏం చేస్తున్నావు? సంచి ఎందుకు ఖాళీ చేస్తున్నావు?”

“మాంసం సంచులు నీకే. పన్నెండు పొట్లాలు మీ ఇద్దరికీ. నా ఆరూ తీసేశా. నీ బరువు తగ్గింది.”

“నువ్వు రాకపోతే ఎలా అక్కా? తెల్లారితే బయల్దేరాలి. కర్ట్‌కి ఆ కొండ మొహమే తెలీదు. నాకేమో వాగు దాకానే తెలుసు. ఆ పైన బండల్లో ఎటు తిరగాలో నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.”

“నాకు చెప్పేవాడురా. మంచంలోంచి, రోజూ సాయంత్రం, ఒక్కో మలుపూ ఒక్కో బండా. రస్సెల్ ఇవాళ వస్తాడేమో అని, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ కూడా వేయించేవాడు.”