కొయ్య బంగళాకు చెదలు

బద్వేలు దగ్గర, గుట్ట మీది మిషను వాళ్ళ కొయ్య బంగళాలో కొత్త పాస్టరుగారి భార్య దిగి రెండు రోజులైంది. ఇంటిచుట్టూ గులకరాళ్ళు, నాలుగు కలబందలు, అంతే. తోటపని చేసే అవ్వను పిలిచి అడిగింది.

“ఇంత తావు ఉండాది, ఒక్క పూలచెట్టు లేదేమవ్వా?”

“పూలచెట్లకు నీళ్ళు పోయల్ల గదమ్మా. గోడకాడ తడి తగిల్తే కొయ్యకు చెదలు పడతాయి.”

“ముందర ఎప్పుడన్నా పెట్టినారా?”

“ముందరుండిన దొరసాని నలభై గులాబీలు పెట్టిండె. ఆయమ్మ ఓడెక్కి సీమకు పోయినంక పెరికేసి రాళ్ళు పోసినాం. చెదలొస్తాయని దొరకు నేనే చెప్పినా.”

“మా నాయన వడ్రంగి. మంచి టేకుకు చెదలు పట్టవంటాడు. ఈ గోడలన్నీ టేకే గదా?”

అవ్వ కొంగు సర్దుకుంది.

“మీ నాయనకు తెలిసుంటాదిలేమ్మా.”

“ఆ గులాబీలకు నీళ్ళు యాడనుంచి తెచ్చేవాళ్ళు?”

“గుట్ట కింద వాగునుంచి. దినానికి ఇరవై కడవలు.”

“ఎవురు మోసేది?”

“నేనేమ్మా. పదకొండేండ్లు.”

పాస్టరమ్మ వంగి, గోడ అడుగు దుంగను వేళ్ళతో కొట్టి చూసింది. గట్టిగా మోగింది, ఎక్కడా డొల్ల లేదు.

“రేపు మిషను పెద్ద దొరొచ్చి పూలతోట యాడంటే, చెదలు నా కండ్లతో చూసినానని చెప్తాలే అవ్వా.”