కొండచిలువకి కట్టిన కుండల ఇల్లు

తౌడమ్మ కొండచిలువని మట్టిగంపలో వేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చిందంట. నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. మా చిన్నత్త చెప్పినప్పుడు ఇంకా ముందు నుంచి చెప్పేది, కానీ నాకు ఈమధ్య ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతున్నాయి. గోలెం చెయ్యడం ముందా, కోడి కనబడకపోవడం ముందా అని ఎవరైనా గట్టిగా అడిగితే కాసేపు ఆలోచించుకోవాలి. పూర్తిగా పోయేలోగా కాయితం మీద పెట్టేద్దామని కూర్చున్నాను. ఎక్కడైనా వరస తప్పితే మీరే సర్దుకోండి.

తౌడమ్మ ఎవరంటే, కొండ కింద ఊళ్ళో కుమ్మరోళ్ళ కోడలు. మొగుడి పేరు గురువులు. సారె మీద చెయ్యి పెట్టాడంటే మట్టి వాడి మాట వినేదంట గానీ, మనిషి మాత్రం వానపాము కనబడినా సారె వదిలి పరిగెత్తేవాడు. మరి తౌడమ్మకి ఆ పేరెలా వచ్చిందంటే, ఆమెకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అలాంటప్పుడు మా వైపు ఏం చేస్తారో తెలుసు కదా, పుట్టిన బిడ్డని తల్లి నలుగురి ముందు ఇరుగమ్మకో పొరుగమ్మకో ఇచ్చేస్తుంది. ఆ పొరుగమ్మ గుప్పెడు తౌడు పోసి బిడ్డని కొనుక్కుంటుంది. కొనుక్కుని, 'ఇది నా బిడ్డ, నువ్వు పెంచి పెట్టు' అని మళ్ళీ తల్లి చేతికే ఇస్తుంది. ఇంక ఆ బిడ్డకి కన్నతల్లి వేరు, కొన్నతల్లి వేరు. బిడ్డ బతికితే తౌడమ్మ, తౌడయ్య, తౌడులు, ఇలా పేరు పెడతారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత చెప్పడం నేను మర్చిపోతే మీరు గుర్తుచెయ్యండి.

ఇంతకీ పాము ఎందుకంటే, పందికొక్కుల కోసం. కుండలు కాల్చే ఆవం కింద పందికొక్కులు బొరియలు తవ్వేశాయి. పైన ఆవం నిండా కుండలు పేర్చి, నిప్పు పెట్టి, ఊక కప్పి కూర్చుంటే, సగం కాలేసరికి కింద నేల దబ్బున కుంగిపోయేది. ఒకసారి కుంగింది, రెండోసారీ కుంగింది. రెండు ఆవాల కుండలు పెంకులైపోయాయి. పెళ్ళిళ్ళ రోజులు ముంచుకొస్తున్నాయి. మూడోసారి కూడా కుంగితే ఈ ఊరు వదిలి కూలికి పోవడమే అని గురువులు ఏడుపుమొహం పెట్టుకుని కూర్చున్నాడు. అలాంటప్పుడు ఏమైందంటే, వాన వెలిసిన మర్నాడు తౌడమ్మ బంకమన్ను కోసం గెడ్డ ఒడ్డుకి వెళ్ళింది. మన్నులో చెయ్యి పెడితే చెట్టువేరు తగిలింది. లాగింది. వేరు వెనక్కి లాగింది. చూస్తే బారన్నర కొండచిలువ! వరదకి కొండ మీంచి కొట్టుకొచ్చి బురదలో ఇరుక్కుపోయింది పాపం. ఇంకెవరైనా అయితే ఆ కేక కొండ అవతలి ఊరికి వినబడేది. తౌడమ్మ ఏం చేసిందంటే, దాని ఒంటి మీద బురద కడిగి, 'నీకు ఇల్లు లేదు, నాకు పందికొక్కులున్నాయి, రా' అని గంపలో వేసుకుంది. ఇప్పుడైతే అడవిశాఖ వాళ్ళొచ్చి పామునీ పట్టుకుపోతారు, తౌడమ్మనీ పట్టుకుపోతారు. అప్పుడు అవేమీ లేవు.

ఇంటికొచ్చి గంప దించితే గురువులు 'ఏటే అది?' అన్నాడు. 'పందికొక్కుల మొగుడు' అంది. గంపలోకి తొంగిచూశాడు. చూసి ఆవం మీదకి ఎక్కేశాడంట! 'అదుంటే నేనుండను' అన్నాడు. 'పొద్దున్న కూలికి పోతానన్నావు కదా, పద మరి' అంది తౌడమ్మ. వాడు దిగలేదు, పోలేదు. ఈలోగా పక్కింటి బంగారమ్మ గోడ మీంచి చూసింది. బంగారమ్మకి ఇరవై కోళ్ళు. కోడి కోడికీ పేరు పెట్టుకుని, సాయంత్రం పేరుపేరునా పిలిచి గంప కింద కమ్మే మనిషి. చూసిందే చాలు, నెత్తి కొట్టుకుంటూ పెదనాయుడు దగ్గరికి పోయింది. పెదనాయుడు అంటే ఊరికి పెద్ద, తగువు తీర్చేవాడు. ఆయన కర్ర పట్టుకుని వచ్చి, దూరంగానే నిలబడి, 'తౌడమ్మా, పామునైతే చంపమని చెప్పను. నెల గడువిస్తాను. ఈ నెలలో నువ్వు దానికి ఇల్లు కట్టాలి. అది బయటికి రాకూడదు, లోపల చావకూడదు. చచ్చిందంటే ఆ ఉసురు ఊరికి తగులుతుంది. నెల తిరిగేలోగా ఊళ్ళో ఒక్క కోడి పోయినా కర్ర నేనే ఎత్తుతాను' అన్నాడు. అదీ తీర్పు. పాము ప్రాణమూ, ఆవమూ రెండూ ఆ ఇంటి మీద వేలాడాయనుకోండి.

ఇంక ఇల్లు కట్టాలి. కుమ్మరోడికి ఇల్లంటే ఏటి? కుండే! గురువులు పాముని ముట్టుకోడు గానీ పని అంటే వెనకాడడు. మనిషి కూర్చునేంత గోలెం చేశాడు. నున్నగా, గుండ్రంగా, అంచుకి తీగలు కూడా దిద్దాడంట, పాము చూసి మురిసిపోతుందని. పాములకి వెచ్చదనం ఇష్టమని తౌడమ్మ ఎక్కడో వింది, అందుకని గోలేన్ని ఆవానికి ఆనించి పెట్టారు. లోపల నీళ్ళమూకుడు, పైన మూత, మూత మీద రాయి. పాము ఏం చేసిందంటే, పొద్దల్లా ఆ నీళ్ళమూకుట్లోనే పడుకుని నోరు తెరుచుకుని ఉంది. 'దాహమేస్తోంది కాబోలు' అన్నాడు గురువులు, ఆవం మీంచే. 'కాదు, ఉడికిపోతోంది' అంది తౌడమ్మ. సరేనని గోలేన్ని దొర్లించుకుంటూ అటుచివర తడిమన్ను కుప్ప దగ్గర, నీడలో పెట్టారు. అక్కడ మూడు రోజులు కదల్లేదు. చిన్న పందికొక్కుని పట్టి వేస్తే మింగింది, అరిగించుకోలేక మర్నాడు కక్కేసింది. ఆ రాయి సంగతి చెప్పడం మర్చిపోయాను. మొదటిరోజే మూతనీ రాయినీ కలిపి తలతో నెట్టేసింది! తౌడమ్మ ఆ మూత మీద కూర్చుని వంట చేసుకుందంట ఒక పూటంతా.

అలా పది రోజులు గడిచిపోయాయి. కొండ మీంచి అడ్డాకులు తెచ్చి అమ్మే సోములమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది, ఆమె కుండ కోసం వచ్చింది. గోలెంలో చెయ్యి పెట్టి పాము ఒళ్ళు నిమిరింది. 'ఇది ఇల్లా, దీన్ని కూర వండుతున్నారా?' అంది. 'పెద్దమ్మా, మాకు తెలిసిన ఇల్లు ఇదే' అంది తౌడమ్మ. అప్పుడు సోములమ్మ చెప్పిందంట, 'చూడమ్మా, నీకు చలేస్తే ఏం చేస్తావు? పొయ్యి దగ్గరికి పోతావు. ఉక్కపోస్తే? అరుగు మీదకొస్తావు. దానికీ అంతే. తిన్నది అరగాలంటే వెచ్చగా పడుకోవాలి, ఒళ్ళు కాలితే చల్లగా పడుకోవాలి, బెంగొస్తే చీకట్లో దాక్కోవాలి. ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన ఉండాలి. ఎటు పోవాలో అదే చూసుకుంటుంది.' గురువులు ఆవం మీంచి, 'గుండ్రంగా ఉన్నదానికి ఒక పక్కేటి, ఇంకో పక్కేటి?' అన్నాడు. సోములమ్మ వాడి వైపు చూసి, 'నీ ఆయన అక్కడెందుకున్నాడు?' అంది. 'ఆయనకి అదే ఇల్లు' అంది తౌడమ్మ.

ఆ మాట అందే గానీ తౌడమ్మ చూపు పెరట్లో తిరుగుతోంది. ఇటు చివర ఆవం, మంట ఆరినా రెండు రోజులు వెచ్చగా ఉంటుంది. అటు చివర తడిమన్ను కుప్ప, ఎండాకాలమైనా చల్లగా ఉంటుంది. మధ్యలో ఏముంది? ఆవం కుంగినప్పుడు బీటలిచ్చిన కుండల గుట్ట. ఒక కుండ తీసింది, అడుగు ఠక్కున కొట్టేసింది. ఇంకోటి తీసింది, దానికీ అడుగు కొట్టేసింది. మొదటిదాని మెడ రెండోదాని అడుగులో దూర్చింది. గురువులుకి అర్థమైపోయింది. ఆవం దిగాడు! దిగి, అతుకు అతుకుకీ బంకమన్ను రాసి, మేకుతో గాలికి చిల్లులు పొడిచి, కుండకి కుండ తగిలిస్తూ పోయాడు. పదిహేడు కుండలు. మా చిన్నత్త పదిహేడనే చెప్పేది, పందొమ్మిదైనా కథకి నష్టం లేదు. మధ్యలో పాము మునిగి పడుకునేంత నీళ్ళతొట్టి. రెండు చివర్లా మూతలు. ఈసారి రాయి కాదు, మూతకి చెవులు, కుండకి చెవులు, చెవుల్లోంచి తాడు దూర్చి బిగించి ముడి. ఆ వరస చూస్తే ఇల్లే పాములా ఉందంట. ఊళ్ళోవాళ్ళొచ్చి నవ్వారు. 'గురువులూ, మా తాతకీ ఇలాంటిదొకటి కట్టవా, మంచం మీద నిలవడం లేదు' అని వేళాకోళాలు.

ఇల్లయింది, మరి మేత? పందికొక్కుని బోనులోకి రప్పించాలంటే తౌడు కావాలి. కుమ్మరింట్లో ఊకకి కొదవ లేదు గానీ తౌడు లేదు. కోళ్ళకి పెట్టే తౌడు బంగారమ్మ దగ్గరుంది. తౌడమ్మ చంకలో గంప, గంపలో పాముతోనే పోయింది, ఎందుకంటే కుండల ఇంటి అతుకులు ఇంకా ఆరలేదు, పాముని ఒంటరిగా వదిలితే గురువులు మళ్ళీ ఆవం ఎక్కేస్తాడు. నూతి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నారు. 'వదినా, పాముకి గుప్పెడు తౌడు పెట్టవా' అంది. బంగారమ్మకి ఒళ్ళు మండింది. 'నా కోళ్ళ నోటిది తీసి నీ పాముకి పెట్టాలా? ఇంద, తీసుకుపోయి దాని మొహాన కొట్టు' అని చాటలో ఉన్న తౌడంతా గంపలో దులిపేసింది. తౌడు పాము తల మీద పడింది. తౌడమ్మ ఒక నిమిషం పామునీ, బంగారమ్మనీ చూసింది. 'వస్తాను వదినా' అని వచ్చేసింది.

కొత్తింట్లో పాము కుదురుకుంది. పొద్దున్న చల్లని కుండలో, సాయంత్రం వెచ్చని కుండలో. మింగింది అరిగించుకుంది. దాని వాసనకే ఏమో, ఆవం కింద కొత్త బొరియలు పడడం ఆగిపోయింది. మూడో ఆవం వేశారు. కుంగలేదు! గురువులు పాము ఇంటి పక్కనే పీట వేసుకుని, కుండ మీద వేలితో కొట్టి, 'లోపలున్నావా?' అని అడిగేదాకా వచ్చాడు.

అంతా బాగుందనుకునేసరికి, గడువు రేపనగా బంగారమ్మ కోడి పోయిందని గొడవ లేచింది. అన్నిట్లోకీ ముద్దుది, చుక్కల పెట్ట. నాలుగు రోజుల్నించి కనబడట్లేదు, వెతికి వెతికి ఇంక పాము మీద పెట్టింది. పెదనాయుడు వచ్చాడు, ఊరంతా వచ్చింది. తౌడమ్మ ముడి విప్పి, పాముని బయటికి తీసి చేతుల మీద పట్టుకుంది. పాము నడుం దగ్గర ఇంత ఉబ్బు! 'అది నిన్న మింగిన పందికొక్కు బాబూ' అంది. ఎవరు నమ్ముతారు? పెదనాయుడు గెడ్డం గోక్కుని, 'పొట్ట కోద్దాం. కోడి ఉంటే పాముది తప్పు. లేకపోతే...' అని ఆగాడు. 'లేకపోతే ఏటి బాబూ, కుట్టేస్తారా?' అంది తౌడమ్మ. జనం నవ్వారు, గురువులు మాత్రం ఏడుస్తున్నాడంట. కత్తిపీట తెచ్చేశారు.

అప్పుడు తౌడమ్మ అంది, 'కొయ్యండి. కానీ బిడ్డని కొయ్యాలంటే తల్లి ఒప్పుకోవాలి కదా. దీన్ని నలుగురిలో తౌడు పోసి కొన్నదెవరో నూతి దగ్గరున్నవాళ్ళని అడగండి.' ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. 'బంగారమ్మే పోసింది. చాటతో పోసింది' అన్నారు. 'నేను పెంచుతున్నానంతే. బిడ్డ వదినది. నన్ను కూడా మా పొరుగమ్మ గుప్పెడు తౌడుకే కొంది, ఆమె చచ్చేదాకా నా మీద ఒక్క దెబ్బ పడనివ్వలేదు' అని తౌడమ్మ పాముని తీసుకెళ్ళి బంగారమ్మ చేతుల్లో పెట్టేసింది. పెదనాయుడు కూడా కర్ర దించాడు. తౌడు మాట తౌడు మాటే, ఊరిపెద్దయినా దాటడు.

బంగారమ్మ కొయ్యబారిపోయింది. ఆవం పక్క నుంచి తీసిన పాము, ఒళ్ళు వెచ్చగా ఉందంట. ఆ ఉబ్బు మీద బంగారమ్మ చెయ్యి పడింది. ఆ లోపల తన చుక్కల పెట్టే ఉందని ఆమె నమ్మకం, అది మర్చిపోకండి. కత్తిపీట వైపు చూసింది. పాము వైపు చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెట్టుకుని, ఒక్కసారిగా పెదనాయుడు మీదకి లేచింది. 'నా పిల్ల నా కోడిని తింటే మీకేటి బాబూ? మీ కోడలు మీ పెరట్లో వంకాయ కోసుకుంటే ఊరు కూడుతుందా? పదండి, పదండి, పిల్ల బెదిరిపోతోంది' అని అందర్నీ తరిమేసింది! తౌడమ్మ మీద కూడా కేకలేసింది. 'ఏమే, దీని ఒళ్ళింత వేడిగా ఉంది, చల్లని వైపు ఎందుకు పడుకోబెట్టలేదు?' అని.

మరి కోడి? పద్దెనిమిది రోజులు పోయాక, పాము ఇంటి వెచ్చని చివర, ఆవానికీ మొదటి కుండకీ మధ్య ఊకపోగు ఉంది కదా, అందులోంచి చుక్కల పెట్ట బయటికొచ్చింది. వెనకాల తొమ్మిది పిల్లలు. పొదగడానికి ఊళ్ళో అంతకంటే వెచ్చని చోటు దానికి దొరకలేదనుకోండి. కుండ గోడకి ఇవతల కోడి, అవతల పాము, మూడు వారాలు వీపులు ఆనించుకుని పడుకున్నాయి. మనుషులే అరుచుకున్నారు.

ఇదీ కథ. వరస కుదిరిందనే అనుకుంటున్నాను. రవణా, నువ్వు నాకంటే చిన్నదానివి, చిన్నత్త పక్కన కూర్చుని నువ్వూ విన్నావు. పేర్లు ఒకసారి చూసి చెప్పు. కోళ్ళామె బంగారమ్మేనా, సింగారమ్మా? అడ్డాకుల ఆమె సోములమ్మేనా? తప్పుంటే కొట్టేసి పక్కన రాయి. పాము పేరు మాత్రం నువ్వు చూడక్కర్లేదు. తౌడుకి కొన్న పిల్లకి ఇంకేం పేరు పెడతారు! బంగారమ్మ గోడ మీంచి 'తౌడమ్మా' అని పిలిస్తే, ఏ తౌడమ్మనో తెలియక గురువులు ఇద్దర్నీ చూసేవాడంట.