మూడు గంటలకే ఇంటికి

అది కాదు జగదీశ్వరరావు బాబూ, నానేటి దొంగతనం సేసేనని ఇలా ఆఫీసు గదిలోకి పిలిసి నిలబెట్టేరు? మూడింటికి ఇంటికెల్లిపోతన్నాను. అంతే కదా?

రేటు పెంచేరు, నిజమే. కిలోకి ఇంత పెంచితే మనిషి ఇంకో గంట కూకుంటాదనుకున్నారు మీరు. మిగిలినోల్లు కూకుంటన్నారు కూడాను. నాకేమో, ఇదివరకు ఏడింటికొచ్చే కూలి ఇప్పుడు మూడింటికే వొచ్చెస్తంది. ఇంక సాల్లెద్దూ అనిపించింది.

నవ్వకండి బాబూ.

పద్దెనిమిదేళ్ళయ్యింది ఈ జీడిపిక్కల ఫేక్టరీలో కూకుని. రోలుగుంట నుంచి నర్సీపట్నం కోడలిగా వొచ్చిన ఏడే మొదలెట్టేను. పిక్క కొట్టి కొట్టి, జీడి రసానికి సేతి ఏళ్ళన్నీ నల్లబడిపోయేయి. ఆదివారాలు కూడా వొచ్చేను. అప్పలకొండలా పన్జెయ్యాలని నన్ను సూపించి మీరే అందరితో అనీవోరు.

దసరా సెలవుల్లో ఓరోజు మిషను పాడై మజ్జాన్నమే పంపించీసేరు, గురుతుందా? ఇంటికెల్లేను. మా పావని, టెన్తు సదువుతంది, గుమ్మంలో నన్ను సూసి బిత్తరపోయింది.

"ఏటమ్మా, ఎవరైనా పోయేరా?" అంది.

తల్లి పగటేల ఇంటికొస్తే ఎవరో సచ్చిపోయేరనుకుంది గుంట.

ఆ మాట లోపల దిగబడిపోయింది బాబూ. అందుకే రేటు పెరగ్గానే మూడింటికి లేసిపోడం మొదలెట్టేను. బడి నుంచొచ్చేసరికి ఇంట్లో ఉందాం, కబుర్లాడుకుందాం అని.

ఏటి? వొచ్చే నెల నుంచి నా పీట మొన్న కొత్తగా సేరిన సీతాలుకిచ్చెస్తారా? ఓనరుగారన్నారా, మీరంటన్నారా?

సరే. రేపు పావని కాలేజీ ఫీజుకి ఏటి సేస్తావంటారు. మా ఇంటాయనా అదే అడిగేరు. ఏడింటి దాకా కూకుంటే ఆ ఫీజు వొచ్చెస్తాది. తెలిసే ఎల్తన్నాను.

పోనీ నిజం సెప్పీనా? ఎవరికీ అనకండి. పావని నాతో మాటాడదు. రెండ్రోజులు మాటాడింది, తరవాత దాని ఫోనే దానిది. అయినా నాను మానలేదు. సాప పరిసి గోడవార పడుకుంటాను. నాలుగింటికి కిటికీలోంచి ఎండ నా కాళ్ళ మీదకొస్తాది. ఆ ఇంట్లోకి ఎండ వొస్తాదనే ఇన్నేళ్ళూ నాకు తెల్దు.

గుంట కోసమని అందరికీ సెప్పేను. అబద్ధం. నాకోసమే ఎల్తన్నాను.

సీతాలుకే ఇచ్చీయండి బాబూ. దానికింకా అలుపు తెల్దు.