ఎర్ర చుక్కకు కచ్చా కుట్టు

“మామా, నువ్వు రష్యా సైన్యం జెండాకు చుక్క కుట్టినావంట, నిజమేనా?”

నిజంగాక! ఎవరు చెప్పినారబ్బీ, మీ అమ్మేనా? మా చెల్లెలికి నోట్లో మాట నిలవదు. సరే కూచో, శుక్రవారం నాకూ పనిల్యా.

నాలుగేండ్ల కిందట... కాదు కాదు, అయిదారేండ్లు అయ్యింటాది. షార్జాలో జరీపని దుకాణంలో ఉంటి. చాయ్ అర్ధ దిర్హమే అప్పుడు. జెండాలు, స్కూలు బ్యాడ్జీలు, పెండ్లికూతుర్ల బురఖాల అంచులు, ఏది తెస్తే అది కుడతాంటి. ఒగ దినం రష్యా ఆయన వచ్చె, ఇగోర్ అని. తలుపులో పట్టడు, అంత మనిషి. షార్జాలోనే సరుకు విమానాలు బాగుచేసే పని. ముందు వాళ్ల దేశంలో సిపాయి. సంచిలోంచి ఎర్ర జెండా తీసి పరిచె. పాత బట్ట, వెలిసిపోయింది. నడిమధ్యలో మాత్రం అయిదు కొమ్ముల చుక్క ఆకారాన ఎరుపు అట్లే ఉంది.

“ఈడ చుక్క ఉండె. మళ్లీ కుట్టు” అనె.

ఏందంటే, వాళ్ల రాజ్యం మారినప్పుడు సైన్యం జెండా మీద ఆ చుక్క తీసేసినారంట. ఇప్పుడు పెద్దోళ్లు మళ్లీ పెట్టమన్నారంట. ఈయనకు ఒగటే సంబరం. వచ్చే శుక్రవారం అజ్మాన్‌లో పాత సిపాయిలందరూ కూడతారు, ఆలోగా కావాలన్నాడు. సరే అంటి.

మర్నాడు పొద్దున్నే ఆయన పెండ్లాం దిగె. నీనా. బట్టల దుకాణంలో చేసి చేసి హిందీ మనకన్నా బాగా మాట్లాడతాది. “భాయ్, రాజ్యం మారినప్పుడు ఆ చుక్క నేనే బ్లేడుతో ఊడదీసినా. నువ్వు కుట్టొద్దు” అనె.

“ఎందుకమ్మా?”

“టోపీల మీద ఆ చుక్క పెట్టుకున్నోళ్లే మా నాయన్ను ఇంట్లోంచి తీస్కపోయినారు. అప్పుడు నాకు నాలుగేండ్లు. మళ్లీ రాల్యా.”

చూడు, మొగుడేమో కుట్టమంటాడు, పెండ్లామేమో వద్దంటాది, నడిమధ్యలో నేను! ఇంగేం జేస్తా, ఆయన ఫోన్ చేసినప్పుడల్లా “బుక్రా, ఇన్షా అల్లా” అంటి. రేపు, రేపు అని నాలుగు దినాలు నెట్టినా. మా ముదీరు, అదే మేనేజరు, “యల్లా, యల్లా” అని తొందర పెడతా నెత్తిన కూచున్నాడు.

గురువారం ఇద్దరూ ఒకేసారి వచ్చిరి. ఇంగ చూడు, వాళ్ల భాషలో కొట్లాట! నాకు ఒక్క ముక్క అర్థంగాల్యా. చాయ్ తెప్పిస్తి. ఇద్దరూ చాయ్ తాగుతానే అరుచుకుంటాండారు. ఉండుండి ఆయన హిందీలోకి దిగి, నాతో అనె: “భాయ్, యుద్ధంలో, కొండల్లో నా పక్కనోడు సచ్చిపోతే, ఈ చుక్క కిందనే మోసుకొచ్చినా. వాణ్ణి మర్చిపోమంటాదా?”

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టె. తర్వాత చేతిసంచి తెరిచి ఒగ పాత చుక్క తీసి బల్లమీద పెట్టె. చుట్టూ జరీ నల్లబడింది. అదే చుక్క అబ్బీ! పదేండ్లుగా దాచిందంట, పారేయబుద్ధిగాక. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసె.

“కుట్టు భాయ్, కానీ కచ్చా కుట్టే వెయ్యి. రేపు పెద్దోళ్లు మళ్లీ తియ్యమంటారు” అనె ఆమె.

ఇగోర్ ఎంత నవ్వినాడనుకున్యావ్, కండ్లల్లో నీళ్లొచ్చె. దూరం దూరంగా పొడుగు పోగులేసి ఇచ్చినా. లాగితే ఊడిపోతాది.

నన్ను గూడ పిల్చినారు అజ్మాన్‌కు. పొయినా. ప్రతి గిన్నెకాడా “ఇందులో పంది ల్యాదు గదా?” అని అడిగి అడిగి, కడాకు ఉర్లగడ్డలు తిన్నా. గోడకు జెండా కట్టినారు. ముసలి సిపాయిలు దానికెదురుగా వరసగా కూచోని పాటలు. నీనా మాత్రం కుర్చీ అటు తిప్పుకోని, జెండాకు వీపు పెట్టి కూచునె. నేననుకుంటి, ఇంగ అయిపోయె, మళ్లీ కొట్లాట. ఇగోర్ లేచె. తన కుర్చీ ఎత్తుకొచ్చి ఆమె పక్కన ఏసుకోని, తాను గూడ జెండాకు వీపు పెట్టి కూచునె. పాట మాత్రం ఆపల్యా, ఎదురు గోడకు పాడినట్లు పాడతానే ఉన్న్యాడు! అందరికంటే గట్టిగా.

తర్వాత రెండేండ్లకు వాళ్ల దేశం పొయినారు ఇద్దరూ... యాడుండారో ఏమో.

నీకూ వచ్చే యేడు నిఖా అంటాంది మీ అమ్మ. సల్లగుండండి నాయనా, ఇద్దరూ. అల్లా మంచి చేస్తాడు... ఆ పిల్ల పేరేమంటివి?