ఒంటిగడి

పొద్దుట్నుంచీ ముసురు వదల్లేదు. ఇవాళ గురువారం, మా వారపత్రిక పేజీలు కట్టే రోజు. పదిహేను పేజీలు పూర్తి చేసి వచ్చాను. పదహారోది అలాగే వదిలేసి వచ్చాను. అది ఆయన పేజీ.

ఈ సంతాపసభకి తడుస్తూ వచ్చిన మీ అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్యకి, నేను అక్కా అని పిలిచే ఆవిడకి, ఏ ముఖం పెట్టుకుని నమస్కారం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మిత్రులారా, మనమందరం ఆయన్ని గళ్ళ మాస్టారు అన్నాం. ఆయన ఏ బడిలోనూ ఒక్క రోజు పాఠం చెప్పలేదు. లారీల కాటా దగ్గర గుమాస్తా. బండి ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి చీటీ రాసివ్వడం ఆయన ఉద్యోగం. ఆ చీటీల వెనక గళ్ళు గీసుకుని, పంతొమ్మిదేళ్ళు వారం తప్పకుండా మా పత్రికకి గళ్ళనుడికట్టు ఇచ్చారు. పేజీలో దాన్ని పేర్చేవాణ్ణి నేను.

ఇన్ని మాటలు ఎక్కడ దొరికేవి ఆయనకి? ఇంట్లో ఉన్నది ఒక్క నిఘంటువు, దానికీ అట్ట లేదు. కాటా మీద బండి ఆగితే చాలు, కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏమయ్యా, మీ పనిలో దీన్నేమంటారు?" అని అడిగేవారు. కలప బండి వస్తే ఆ వారం గళ్ళనిండా వడ్రంగం. తాళ్ళ బండి వస్తే ముడుల పేర్లు. వెనక లారీలు హారన్ కొడుతుంటే డ్రైవర్లు, "మాస్టారూ, బండి తూచండి, మమ్మల్ని కాదు!" అని అరిచేవారు.

ఒక వారం తాపీపని మాటలతో కట్టారు. పరంజా, రసమట్టం, తూకంగుండు. చదువుకున్నవాళ్ళకి కోపం వచ్చింది. ఇవేం మాటలని ఉత్తరాలు రాశారు. అదే వారం ఒక తాపీమేస్త్రీ సున్నం చేతులతోనే మా ఆఫీసుకి వచ్చాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పేపరు బల్లమీద పరిచి, "చూడండి సార్, ఒక్క గడి మిగల్లేదు. మా ఆవిడ నమ్మట్లేదు, సంతకం పెట్టివ్వండి" అన్నాడు. ఆ ఉత్తరాల సంగతి నేను చెబితే మాస్టారు అన్నారు: "పుస్తకాలవాళ్ళకి ఏడాదంతా ఇస్తున్నాం కదా తమ్ముడూ. మేస్త్రీకి ఒక్క వారం ఇస్తే మన సొమ్మేం పోయింది?"

ఇంకోసారి తప్పు నాది. కొత్త గళ్ళ కింద పాత వారం ఆధారాలు పెట్టేశాను. అడ్డం లేదు, నిలువు లేదు, ఏదీ దేనికీ కుదరదు. ఫోన్లు మోగాయి. ఎడిటర్ నా ఉద్యోగం తీసేస్తానన్నాడు. మాస్టారు కాటా దగ్గర్నుంచి సైకిల్ మీద వచ్చి, పొరపాటు తనదేనని రాసిచ్చారు. నేను వద్దన్నాను. "నీకు పదహారు పేజీలు, నాకు ఒక మూల. మాట పడటం నాకే తేలిక" అన్నారు. తర్వాత ఆ గళ్ళన్నీ చక్కగా కుదిరాయని ఒకాయన కార్డు రాశాడు. ఆ కార్డు చూసి మాస్టారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

అంత మెత్తటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేవారు కాదు. గళ్ళలో ఒంటిగడి ఉండకూడదు. చుట్టూ నల్లగళ్ళు, మధ్యలో ఒక్క తెల్లగడి ఉండకూడదు. "దానికి అడ్డం లేదు, నిలువు లేదు. అందులో ఏం రాసినా, అది సరైనదేనని చెప్పే దిక్కుండదు" అనేవారు. ప్రతి గురువారం మధ్యాహ్నం నేను ఫోన్ చేసి గళ్ళన్నీ చదివి వినిపించాలి. ఆయన ఊఁ కొట్టాలి. అప్పుడే పేజీ వెళ్ళాలి. పంతొమ్మిదేళ్ళూ అదే పద్ధతి.

పోయిన వారం ఆసుపత్రి మంచం మీంచి గళ్ళు పంపారు. అన్నీ ఆసుపత్రి మాటలే. కట్టు, మాత్ర, చీటీ, వరండా. గీతలు తిన్నగా ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ కుడివైపు కింద ఒక ఒంటిగడి ఉంది. తెల్లగా. అంకె లేదు, ఆధారం లేదు.

ఆ గురువారం మెషిన్ మొరాయించింది. నేను ఫోన్ చేయలేదు. పాపం, పెద్దాయనకి చూపు ఆనలేదేమో అనుకుని, ఆ గడిని నల్లగా నింపేశాను.

అక్కా, ఈ మాట మీ ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. శనివారం పేపరు చేతికిస్తే ఆ పేజీ చాలాసేపు చూసి, మడిచి దిండు కింద పెట్టుకున్నారని మొన్న నువ్వే చెప్పావు. ఎందుకు చూశారో నీకు తెలియదు. నాకు తెలుసు.

అది పొరపాటా? కావాలని వదిలారా? మనకి చెప్పుకోలేనిదేదైనా ఉండి అక్కడ పెట్టారా? ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. ఆ తర్వాత కూడా ఆదివారం ఉన్నారు, సోమవారం ఉన్నారు. ఆదివారం వాన అనుకున్నాను. సోమవారం పని అనుకున్నాను. అందరి పనుల పేర్లూ అడిగిన మనిషిని, ఎలా ఉన్నారని నేను వెళ్ళి అడగలేదు.

ఇక్కణ్ణుంచి వెళ్ళి పదహారో పేజీ కడతాను. అవే గళ్ళు మళ్ళీ వేస్తున్నాం. ఆ గడి ఆయన వదిలినట్టే తెల్లగా ఉంటుంది. దయచేసి దాన్ని మాత్రం ఎవరూ నింపి పంపకండి.

అందరం లేచి నిలబడదాం. ఒక్క నిమిషం ఎవరమూ ఏమీ మాట్లాడకుండా ఉందాం.

మంగళవారం పొద్దున ఆరూ పదికి ఆయన వెళ్ళిపోయారు. పక్కన అక్క ఉంది.