ఆరు వేళ్ళు తగ్గిన తుపాకి

కాళాచారి ఉన్నాడే, మన గుట్టలపాడు కమ్మరి, దసరా వస్తే ఊళ్ళో పనిముట్లన్నీ ఆయన కొలిమి కాడికే పూజకు వస్తాయి. నాగలి, కొడవలి, గొడ్డలి, ఆఖరికి టైలరు కత్తెర కూడా. ఆయన తాత నాటి నుంచి వస్తున్న మర్యాద అది. ఆ ఏడు సుబేదారు గిడ్డయ్య తన రైఫిలు కూడా తెచ్చి పెట్టినాడు. మిలిటరీ నుంచి దిగినాక అడవిపందుల కోసమని లైసెన్సు తీసుకుని కొన్న సెమీ ఆటోమేటిక్ రైఫిలు అది. ఒక గుండు పోతే ఇంకో గుండు తనే ఎక్కించుకుంటది. గిడ్డయ్యకు పెళ్ళాం కన్నా అదే ముద్దు అనుకో. ఆ మాట ఆయన పెళ్ళామే చెప్పింది, నేను కాదు. కాళాచారి అన్నిటితో పాటు దానికీ గంధం పూసి, కుంకం పెట్టి, మూతికి ఒక నిమ్మకాయ గుచ్చినాడు. ఏమైందంటే, తర్వాత నిమ్మకాయ తీసినారు గానీ గుజ్జూ గంధమూ గొట్టంలోనే ఎండి గట్టిపడినాయి. మిలిటరీలో అయితే రోజూ తుడిపిస్తారంట, ఇంట్లో ఎవరు తుడుస్తారు చెప్పండి. పదిరోజులకు గిడ్డయ్య శెనక్కాయ చేలో పంది మీద పేల్చినాడు. పంది నిదానంగా నడుచుకుంటా పోయింది. తుపాకీ మూతి మాత్రం అరటిపువ్వు మాదిరి విచ్చుకుంది.

ఊరు ఊరుకుంటదా? కాళాచారి పూజ వికటించిందన్నారు, ఇంక వచ్చే దసరాకు సామాన్లన్నీ టౌన్లో లేతు షాపుకే తీసుకుపోదామన్నారు. నేనేమీ అనలేదు, ఆ మాట నాలుగిళ్ళల్లో చెప్పొచ్చినానంతే. కాళాచారికి ఆ పూట ముద్ద దిగలేదంట. తాత నిలబెట్టిన పూజ తన చేతిలో పోతుందే అని. పొద్దున్నే గిడ్డయ్య ఇంటికి పోయి, సుబేదారన్నా, నిమ్మకాయ పెట్టింది నేను, నేనే బాగుచేస్తా అన్నాడంట. గిడ్డయ్య మీసం దువ్వి, చీలిక అతుకు పెట్టు, పొడవు మాత్రం తగ్గించొద్దు, పొట్టి తుపాకి పట్టుకుని నేను ఊళ్ళో తిరగాల్నా అన్నాడు. అతుకు పెడితే మళ్ళీ పేల్చినప్పుడు నీ మొగమే పోతాదన్నా, కొయ్యాల్సిందే అన్నాడు కాళాచారి. అయితే ఎంత కోస్తావు? నాలుగు వేళ్ళు. నాలుగు వేళ్ళకు పైన గోరంత కోసినా చూడు ఆచారీ! సరే, ముందు పోలీసు స్టేషన్లో అనుమతి కాగితం తీసుకురా పో, కాగితం లేంది నేను ముట్టుకోను. ఆ కాగితానికి గిడ్డయ్య పన్నెండు దినాలు తిరిగినాడు. యుద్ధంలో కూడా అంత నడవలేదంట పాపం.

కొలిమి చుట్టూ జనం. అందరికీ పనులున్నాయి, అయినా వచ్చినారు. కాళాచారి నాలుగు వేళ్ళు కొలిచి, రంపంతో కోసి, అంచు ఆకురాయితో నున్నగా చేసినాడు. గుండు ఆఖరుకు తాకేది ఆ అంచునే, అది చుట్టూ ఒక్క తీరున లేకుంటే గుండు పక్కకు పోతాదంట. గిడ్డయ్య మొగం వెలిగింది. అప్పుడు ఆచారి పెళ్ళాం ఈశ్వరమ్మ, తిత్తి ఊదే మనిషి, గొట్టం మీద బొటనవేలు జార్చి చూసి, "ఏమయ్యా, ఈడ ఇంకా ఉబ్బు ఉంది" అనింది. కాళాచారి కూడా వేలు పెట్టి చూసినాడు. వెంట్రుకంత ఉబ్బు. ఉబ్బిన కాడ గొట్టం మళ్ళీ పగులుతాదంట. ఇంకెవరికీ తెలీదు. నోరు మూసుకుంటే గిడ్డయ్య నవ్వుకుంటా పోతాడు, ఊరూ మెచ్చుకుంటది. నేనైతే నోరు మూసుకుందును, అబద్ధమెందుకు. కాళాచారి లేచి నిలబడి, "నా కొలత తప్పింది. ఇంకో రెండు వేళ్ళు పోవాల" అన్నాడు అందరి ముందర. "ఆచారీ! మాటిచ్చినావు!" "ఇచ్చినానన్నా. తప్పు మాట ఇచ్చినా. తిట్టుకో. ఇట్లే తీసుకుపొమ్మంటే మాత్రం ఈ కొలిమి గడప దాటనియ్యను." గిడ్డయ్య తిట్టినాడు, హిందీలో కూడా తిట్టినాడు, ఆ తిట్లు మాకెవరికీ తగల్లేదు. ఆఖరుకు ఈశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టి వేలు ఆ ఉబ్బు మీద పెట్టించింది. మనిషి తుపాకిని తనే ఆచారి ముందుకు జరిపినాడు.

ఇంకో రెండు వేళ్ళు కోసినాడు. అంచు మళ్ళీ నున్నగా చేసినాడు, గురి చూసే ముల్లును వెనక్కి జరిపి బిగించినాడు. చెరువు అవతల గుట్టకు ఎదురుగా తుపాకిని బండికి కట్టి, గుట్ట కింద మూడు కుండలు పెట్టించి, దూరాన్నుంచి తాడుతో మీట లాగించినాడు. ఢాం! కుండ పగిలింది. ఇంకో గుండు తనే ఎక్కింది. బండిని కొంచెం జరిపినారు. ఢాం! రెండో కుండ. మూడోది కూడా. ఈశ్వరమ్మ పోయి గొట్టం మీద వేలు జార్చి, మొగుని వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపుకే కాళాచారి ఛాతీ జానెడు పెరిగిందనుకో. నేను కళ్ళారా చూసినా.

మరుసటేడు దసరాకు కొలిమి ముందర చోటు చాలలేదు. పక్క రెండూళ్ళ నాగళ్ళు కూడా వచ్చినాయి. లేతు షాపుకు పోదామని మొదట అన్న మనిషే అందరికన్నా ముందొచ్చి నిలబడినాడు, పేరు చెప్పనులే, మా మరిదే. గిడ్డయ్య ఏమంటున్నాడో తెలుసా ఇప్పుడు? పొడవు తుపాకి సిపాయిలదంట, పొట్టిది ఆఫీసర్లదంట, ఆరు వేళ్ళు కొయ్యమని తనే చెప్పినాడంట. కాళాచారి విని నవ్వి ఊరుకుంటాడు. మేమూ అవునవునంటాం. తుపాకి ఆయన చేతిలో ఉంది కదా మరి.